బూట్లు విడిచే చోట



అమెరికా నుంచి వచ్చి రెండు నెలలైంది, ఇంకా ఒక్క ముక్క కూడా రాయలేదేమని చాలామంది అడిగినారు. నిజమే, కాశీకి పోయొస్తేనే మూడు భాగాలు రాసినవాళ్ళం. ఈసారి చేయి రాలేదు. చివరికి మా అబ్బాయినే అడిగినాం. "రాయండి నాన్నా, పదిమందికి పనికొస్తుంది. నా పేరు మాత్రం వద్దు" అన్నాడు. అందుకని రాస్తున్నాం. మేము చదివింది తమిళ మీడియం, తెలుగు అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్నవి. తప్పులుంటే ఎప్పటిలాగే మన్నించండి.

మావాడు ఉండేది టెక్సాస్‌లో, డాలస్ పక్కన. పోయి పద్దెనిమిదేళ్ళు దాటింది, అక్కడి పౌరుడైపోయినాడు. వారమంతా కంప్యూటర్ ఉద్యోగం, శని ఆదివారాలు స్నేహితుడితో కలిసి పెట్టిన పెట్రోల్ బంకు కొట్టు. ఎయిర్‌పోర్టుకు వచ్చినప్పుడే చూసినాం, కాళ్ళకు ముదురు గోధుమరంగు కౌబాయ్ బూట్లు. మా ఇంటావిడ నవ్వు ఆపుకోలేకపోయింది.

మా వయసు వాళ్ళకు కౌబాయ్ అంటే 1971లో వచ్చిన కృష్ణ గారి మోసగాళ్ళకు మోసగాడు. మరుసటి ఏడు తమిళంలో జైశంకర్ గంగ. ఆ సినిమాలు చూసొచ్చి పెరంబూరు వీధుల్లో మేము ఆడిన ఆట ఒక్కటే. మేజోళ్ళలో చెక్క స్కేలు దోపుకోవడం, "చేతులెత్తు" అనగానే వంగి సర్రున లాగడం. స్కేలు విరిగినందుకు ఇంట్లో తిన్న దెబ్బలు వేరే లెక్క. అదంతా కారులో మావాడికి చెప్పి నవ్వించినాం. వాడు నవ్వినాడు గానీ, ఎందుకో ఎక్కువ మాట్లాడలేదు.

ఆ బూట్ల సంగతి కొంచెం చెప్పాలి. ముందు కొన కోసుగా ఉండేది గుర్రం రికాబులోకి కాలు సులువుగా పోవడానికట. ఎత్తు మడమ కాలు రికాబులోంచి జారిపోకుండా. పిక్కల దాకా వచ్చే తోలు గొట్టం ముళ్ళకూ పాములకూ అడ్డు. ఇప్పుడు గుర్రం లేకపోయినా, ఆఫీసుకూ పెళ్ళికీ అవే వేసుకొని పోతారు. విప్పడం మాత్రం పెద్ద పని. వాకిట్లో ఇంగ్లీషు వీ అక్షరంలా కోసిన చెక్క ఒకటి ఉంటుంది, మడమ అందులో ఇరికించి కాలు లాగాలి.

వెళ్ళిన రెండో వారం వాళ్ళ స్నేహితుల ఇంట్లో సత్యనారాయణ వ్రతం. వాకిలి ముందు నలభై జతల చెప్పులు, మన మైలాపూరులో లాగానే. మేము విడిచి లోపలికి పోయినాం. కోడలు, మనవడు కూడా వచ్చేసినారు. మావాడు మాత్రం కారు దగ్గరే ఆగిపోయినాడు. "ఏమిరా, కలశపూజ మొదలైపోయింది" అని మేము బయటికి వస్తే, "రెండు నిమిషాలు నాన్నా, ఫోన్" అన్నాడు. చేతిలో ఫోన్ లేదు. మనకెందుకులే అని ఊరుకున్నాం.

అసలు సంగతి ఆ తర్వాతి శనివారం తెలిసింది. కొట్టు మూసి రాత్రి పన్నెండున్నరకు వచ్చినాడు. బూట్లు వాకిట్లో విడిచి, అన్నం కూడా తినకుండా సోఫాలోనే నిద్రపోయినాడు. పొద్దున ఆరింటికి మా ఇంటావిడ ఇల్లు సర్దుతూ ఆ బూట్లు పక్కకు జరపబోయింది. ఎడమది తేలిగ్గా వచ్చింది, కుడిది రాలేదు. చేయి పెట్టి చూసింది. "ఏమండీ" అని ఒక్కసారి పిలిచింది. నలభై ఏళ్ళలో ఆ గొంతు మేము విన్నది రెండోసారి. మొదటిసారి మా అమ్మ పోయినప్పుడు.

బూటు గొట్టంలోపల తోలు ఒరలో ఒక చిన్న రివాల్వరు. అయిదు తూటాలూ అందులోనే ఉన్నాయి.

మా మనవడికి నాలుగేళ్ళు. వాడి ఆట ఏమిటో మా వీడియో కాల్స్ చూసిన కొందరికి తెలుసు. వాళ్ళ నాన్న బూట్లలో రెండు కాళ్ళూ పెట్టి హాలంతా టకటకా నడవడం. ఆ వీడియో చూసి మేమే ఎన్నిసార్లు చప్పట్లు కొట్టినామో.

మావాణ్ణి లేపినాం. అరవలేదు, పిల్లవాడు లేస్తాడని. వాడు బూటు చూసినాడు, వాళ్ళమ్మ ముఖం చూసినాడు. లేచి తూటాలు తీసి వేరే పెట్టి, తుపాకీ పెట్టెలో పెట్టి తాళం వేసి వచ్చి, నేలమీద కూర్చున్నాడు. "రోజూ కారులోనే తీసేస్తానమ్మా. నిన్న మరిచిపోయినాను" అన్నాడు. వ్రతం రోజు కారు దగ్గర ఆగిందెందుకో అప్పుడు అర్థమైంది.

ఎందుకురా ఇది అని అడిగినాం. నడుం దగ్గర ఒకటి ఉంటుందట, ఇది రెండోది. దాన్ని బ్యాకప్ అంటారు. పోలీసుల నుంచి వచ్చిన అలవాటు. మొదటిది ఇరుక్కుపోతే, లేదా ఎవరైనా లాక్కుంటే, ఇంకొకటి ఉండాలని.

మేము మా కథ చెప్పినాం. ఒక చిన్న స్టేషన్‌లో నైట్ డ్యూటీలో గ్రిల్ సందులోంచి కత్తి లోపలికి వచ్చింది. కౌంటర్లో ఉన్నదంతా ఇచ్చేసినాం. పొద్దున స్టేట్‌మెంట్ రాసి, ఇంటికి పోయి ఇడ్లీ తిన్నాం. మా కాలంలో స్టేషన్ వసూళ్ళన్నీ తోలు సంచుల్లో సీలు వేసి, గార్డు పెట్టెలో ఉండే ఇనప సేఫులో పడేసేవాళ్ళం. వేలకు వేలు మా చేతుల మీదుగా పోయినాయి. క్లర్కుల దగ్గర ఉండిందల్లా ఒక గ్రిల్, ఒక తాళం. డబ్బు పోతే పోయింది, ప్రాణం ఉంటే చాలు. ఇంత చెప్పి, పెద్ద మాట చెప్పినామని అనుకున్నాం.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "మా పార్ట్‌నర్ కూడా ఇచ్చేసినాడు నాన్నా. ఇచ్చినాకే కాల్చినారు."

ఆ సంగతి మాకు చెప్పనేలేదు. భుజంలో తగిలిందట, బతికినాడు, కొట్టుకు మాత్రం మళ్ళీ రాలేదు. అక్కడి గ్యాస్ స్టేషన్లలో పార్ట్‌టైం చేస్తూ తూటాలకు పోయిన మన పిల్లల వార్తలు మీరందరూ చదివే ఉంటారు. మేమూ చదివి, అయ్యో అని పక్కన పెట్టినవాళ్ళమే. ఆ రోజు మాత్రం వాడికి ఏం చెప్పాలో తోచలేదు. గ్రిల్ ఇవతలి నుంచి కత్తికి చెప్పే నీతి తుపాకీకి సరిపోదు.

మధ్యాహ్నం వాడినే అడిగినాం, "అది కాలిలోంచి తీయడానికి ఎంతసేపు పడుతుంది, చూపించు" అని. కోడలు మనవణ్ణి పార్కుకు తీసుకుపోయింది. తుపాకీ పెట్టెలోనే ఉంది. ఖాళీ ఒరలో మా కళ్ళజోడు డబ్బా పెట్టి, బూట్లు తొడుక్కొని పెరట్లో నిలబడినాడు. చేతులు కట్టుకొని మనసులో లెక్కపెట్టినాం. వాడు ఒక మోకాలు మీద కూర్చోవాలి, ఒక చేత్తో జీన్స్ పైకి లాగాలి, ఇంకో చేత్తో గొట్టంలోపల తడమాలి. మొదటిసారి ప్యాంటు బూటుకు తట్టుకుంది. రెండోసారి డబ్బా మడమ దాకా జారిపోయి చేతికి అందలేదు. మూడోసారి వచ్చింది. మా లెక్కలో నాలుగు.

"కారులో కూర్చున్నప్పుడైతే సులువు నాన్నా" అన్నాడు. నిజమే కావచ్చు. నిలబడి ఉన్నప్పుడు ఎదుటివాడు నాలుగు లెక్కపెట్టేదాకా ఆగుతాడా అని మేము అడగలేదు. వాడికే తెలిసిపోయింది. బూటు గొట్టం బిగుతుగా ఉంటే తుపాకీ రాదు, వదులుగా ఉంటే నడుస్తుంటే జారిపోతుంది. చెమట, దుమ్ము చేరి తుప్పు పడుతుంది. ఇవన్నీ తర్వాత వాడే చెప్పినాడు. "మరి ఎందుకురా?" అంటే, "కాలికి బరువు తగులుతుంటే ధైర్యంగా ఉంటుంది" అన్నాడు. మా అమ్మ మా మొలతాడుకు తాయెత్తు కట్టింది కూడా అందుకే.

ఆ రాష్ట్రం చట్టం కూడా వాడినే అడిగి తెలుసుకున్నాం, పిల్లలు అక్కడున్న సభ్యులకు పనికొస్తుందని రాస్తున్నాం. 2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సాస్‌లో ఇరవై ఒక్కేళ్ళు నిండి, చట్టం అడ్డులేని వాళ్ళు లైసెన్సు లేకుండానే చిన్న తుపాకీ వెంట పెట్టుకోవచ్చు. కానీ స్టూడెంట్ వీసా మీద, హెచ్‌1బి మీద ఉన్నవాళ్ళకు ఇది వర్తించదు. వేట లైసెన్సులాంటి కొన్ని మినహాయింపులు తప్ప, వాళ్ళ దగ్గర తుపాకీ ఉండటమే దేశపు చట్టం ప్రకారం నేరం. స్నేహితుడిది ఒకసారి పట్టుకున్నా చిక్కే. గుడివాళ్ళు, హాలువాళ్ళు వద్దనుకుంటే వాకిట్లో ఇంగ్లీషులో, స్పానిష్‌లో అంగుళం ఎత్తు అక్షరాలతో బోర్డు పెట్టవచ్చు. ఇంకొకటి ముఖ్యం. పదిహేడేళ్ళలోపు పిల్లలకు అందేలా తూటాలున్న తుపాకీ వదిలేస్తే అక్కడ కూడా నేరమే. ఆ వాక్యం మావాడు చదివి వినిపిస్తున్నప్పుడు గొంతు వణికింది.

మన దగ్గర సంగతి మీకు తెలుసు. 1959 ఆయుధాల చట్టం, లైసెన్సు లేకుండా ముట్టుకోవడానికి లేదు. 2019లో సవరించి, ఒకరికి మూడు ఉండవచ్చన్నదాన్ని రెండుకు తగ్గించినారు. ఎన్నికలొస్తే చాలామంది లైసెన్సు తుపాకీలు కూడా స్టేషన్‌లో అప్పగించాల్సిందే. అయినా మన ఊరు తుపాకీ ఎరగని ఊరేమీ కాదు. 1967 జనవరి 12న రామాపురం తోటలో ఎం.జి.ఆర్. గారింటికి మాట్లాడటానికని వచ్చిన ఎం.ఆర్. రాధా గారి చేతిలో రివాల్వరు పేలింది. మాకప్పుడు ఎనిమిదేళ్ళు. మెడకు కట్టుతో ఉన్న ఎం.జి.ఆర్. పోస్టర్లు గోడలన్నిటి మీదా ఉండేవి. తర్వాత ఆయన గొంతు ఎప్పటికీ మునుపటిలా లేదు. గడప దాటి వచ్చిన అతిథి దగ్గర తుపాకీ ఉంటే ఏమవుతుందో మన వీధులు అప్పుడే చూసినాయి.

మావాడు చెప్పిన ఇంకో ముక్క మాకు ఆశ్చర్యం. ఆ కౌబాయ్‌ల కాలంలోనే టూంబ్‌స్టోన్ అనే ఊళ్ళో, ఊరిలోపల తుపాకీ పట్టుకొని తిరగకూడదని నియమం ఉండిందట. వచ్చినవాళ్ళు అప్పగించి, పోయేటప్పుడు తీసుకోవాలి. 1881 అక్టోబరులో ఓ.కే. కొరాల్ దగ్గర జరిగిన పేరుమోసిన కాల్పులు కూడా ఆ నియమం కింద తుపాకీలు తీసుకోబోయినప్పుడు మొదలైనవేనట. గుళ్ళో చెప్పుల టోకెను లాంటిదే. మేము చూసిన సినిమాల్లో ఇది ఎవరూ చూపించలేదు.

చివరికి ఏమైందంటారా? వాడు తుపాకీ వదిలేసినాడని రాస్తే అబద్ధం అవుతుంది. నడుం దగ్గరిది అలాగే ఉంది. బూటులోది మాత్రం తీసేసినాడు. వాకిట్లో చెప్పుల అల్మారా పైన, మనవడి చేతికి అందని ఎత్తులో, గోడకు ఒక చిన్న ఇనప పెట్టె బిగించినాడు. వేలిముద్ర పెడితే తెరుచుకుంటుంది. నియమం మా ఇంటావిడ పెట్టింది: ముందు పెట్టె, తర్వాత బూట్లు, తర్వాతే ఇల్లు. మేము ఉన్నన్నాళ్ళు రాత్రి ఎంత పొద్దుపోయినా ఆవిడ తలుపు దగ్గర నిలబడేది. పెట్టె మూసిన చప్పుడు వినపడితేనే కంచం పెట్టేది.

ఇప్పుడు ఇక్కడ మాకు ఆదివారం పొద్దున పదకొండున్నర దాకా నెమ్మది ఉండదు. అక్కడ శనివారం రాత్రి అప్పటికి కొట్టు మూసి ఇల్లు చేరతాడు. "వచ్చినా అమ్మా" అని మెసేజ్ వస్తుంది. "పెట్టె?" అని ఈవిడ పంపిస్తుంది. "మూసినా" అని వస్తుంది. అప్పుడు కాఫీ తాగుతాం.

సభ్యులకు మా మనవి ఒక్కటే. మీ పిల్లలు అక్కడుంటే, తుపాకీ ఉందా అని అడగడానికి మొహమాటపడకండి. ఉందంటే వెంటనే కోప్పడకండి, కోప్పడితే వచ్చేసారి చెప్పరు. మేము అలా కోప్పడే రకమని తెలిసే మావాడు పార్ట్‌నర్ సంగతి దాచినాడు. ఇంకొక్క ప్రశ్న మాత్రం తప్పకుండా అడగండి: "నాయనా, రాత్రి అది ఎక్కడ పెడతావు?"

బూట్లు విడిచే చోటే మనవాళ్ళ ఇల్లు మొదలవుతుంది. అక్కడ దాచినవి ఏదో ఒక రోజు పిల్లల కాళ్ళకు తగులుతాయి.

వచ్చే నెల కార్యవర్గ సమావేశంలో కలుద్దాం.