టిన్లీ పార్కులో రంగుల పాములు

అమెరికా వెళ్ళొచ్చినవాళ్ళు నయాగరా గురించో డిస్నీలాండ్ గురించో రాస్తారు. మన సంచికలోనే అలాంటివి ఇప్పటికి నాలుగైదు వచ్చాయి. మేము నయాగరా చూడలేదు. 2024 దసరా రోజుల్లో సెలవు పెట్టి, చికాగో పక్కన నేపర్‌విల్‌లో మా బావమరిది ఇంట్లో మూడు వారాలున్నాం. నాకు బాగా గుర్తుండిపోయింది ఒక పాముల సంత.

ముందు ఫ్రిజ్ సంగతి చెప్పాలి. దిగిన మర్నాడు మా శ్రీమతి షోలాపూర్ నుంచి తెచ్చిన శేంగా చట్నీ దాద్దామని ఫ్రీజర్ తెరిచింది. ఐస్‌క్రీం డబ్బాల వెనక ప్లాస్టిక్ సంచిలో వరసగా పేర్చిన ఎలుకలు! ఆవిడ అరిచిన అరుపుకు మేడ మీద పిల్లలు లేచి కిందికి వచ్చారు.

"పెట్స్ ఉన్నాయని ఫోన్లో చెప్పాను కదక్కా" అన్నాడు మా బావమరిది.

"కుక్కపిల్లలనుకున్నానురా" అంది ఆవిడ.

బేస్‌మెంటులో నాలుగు గాజు పెట్టెల్లో నాలుగు బోవాలు. ఒక పక్క వెచ్చగా, మరో పక్క కాస్త చల్లగా ఉండేలా వేడిని కొలిచే పరికరాలు పెట్టాడు. పెద్ద ఆడపాము ఆరడుగులుంటుంది. ఒంటి మీద లేత గోధుమ రంగు, వీపున ముదురు మచ్చలు, తోక దగ్గరికి వచ్చేసరికి ఇటుక ఎరుపు. మా నాన్న మగ్గం మీద చద్దర్లు నేసిన మనిషి. అంచు దగ్గర రంగు అలా మార్చడం ఎంత కష్టమో నాకు తెలుసు కాబట్టి, భయపడుతూనే చాలాసేపు చూశాను.

"ఇది మాండూళా?" అని అడిగింది మా శ్రీమతి. మా వైపు మాండూళ్ అనేది తెలుగులో రెండు తలల పాము. అది ఇంట్లో ఉంటే లంకెబిందెలు దొరుకుతాయని నమ్మించి, తూకం లెక్కన లక్షలు చెప్పి అమ్మే ముఠాలు పట్టుబడిన వార్తలు మా పేపర్లలో వస్తూనే ఉంటాయి. "అదీ బోవాల చుట్టమేనక్కా, ఇవి మాత్రం మధ్య, దక్షిణ అమెరికాలవి. విషం లేదు" అన్నాడు. కొండచిలువలా గుడ్లు పెట్టదట, నేరుగా పిల్లల్ని కంటుందట. చుట్టుకుంటే ఊపిరాడక చస్తారని మనం అనుకుంటాం. నెత్తురు ప్రసరణ ఆగిపోవడం వల్ల ఎర చస్తుందని 2015లో పరిశోధకులు తేల్చారట.

అసలు విషయం నాలుగో రోజు బయటపడింది. ఆ వసంతంలో అతని ఉద్యోగం పోయింది. కంపెనీ ఇచ్చిన డబ్బులోంచి పన్నెండు వేల డాలర్లు పెట్టి, రంగు పాముల్ని పెంచి అమ్మే వ్యాపారం మొదలుపెట్టాలని అతని ఆలోచన. "బావగారూ, మీరు ఎన్ని ప్రాజెక్టు రిపోర్టులు చూసి ఉంటారు! ఇదొక్కటి చూడండి" అని కాగితాలు ముందు పెట్టాడు. వంటింట్లోంచి మా చెల్లెమ్మ, అంటే అతని భార్య, నావైపు చూసి తల అడ్డంగా ఊపింది.

కాగితాలు చూస్తే సరిపోదు, సరుకు చూడాలన్నాను. ఆదివారం లెమాంట్ గుట్ట మీది గుడిలో రాముడికి దండం పెట్టుకున్నాం. ఆడవాళ్ళు అక్కడే ఉండిపోయారు. మేమిద్దరం కారులో టిన్లీ పార్కుకు వెళ్ళాం. దారి పొడుగునా మేపుల్ చెట్లు ఎర్రబడి ఉన్నాయి.

టిన్లీ పార్కు చికాగోకు దక్షిణాన ఉన్న శివారు పట్నం. అక్కడి కన్వెన్షన్ సెంటర్లో ఏటా మార్చిలో, అక్టోబరులో సరీసృపాలు పెంచేవాళ్ళ సంత జరుగుతుంది. లోపల కొయ్యపొట్టు వాసన. బారులు తీరిన బల్లల మీద, మన స్వీటు షాపు డబ్బాల్లాంటి ప్లాస్టిక్ డబ్బాల్లో పాముపిల్లలు. ప్రతి బల్ల మీదా చేతులు శుభ్రం చేసుకునే సీసా. చంటిపిల్లల్ని బండ్లలో తోసుకుంటూ తల్లులు తిరుగుతున్నారు. భయపడుతున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

అరవై దాటిన ఒక తెల్లాయన బల్ల దగ్గర గంటసేపు నిలబడ్డాం. మామూలు పిల్ల వంద డాలర్ల లోపు, రంగు కలిసినవి వందలు, ఒకటి రెండు వేలల్లో. ఎందుకీ తేడా అంటే ఓపిగ్గా చెప్పాడు. నేను దాన్ని బ్యాంకు భాషలో అర్థం చేసుకున్నాను.

ఆల్బినో పాము ఒంట్లో నలుపు రంగు తయారు కాదు. తెలుపు, పసుపు, నారింజ మిగులుతాయి. ఆ గుణం బయటపడాలంటే తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ కూడా రావాలి. జాయింట్ ఖాతా అన్నమాట, రెండు సంతకాలూ పడాలి. నలుపును తగ్గించే హైపో గుణం అలా కాదు, ఒక్కరిస్తే చాలు. అది మన 'ఈదర్ ఆర్ సర్వైవర్' ఖాతా. రెండు గుణాలూ కలిసినదాన్ని సన్‌గ్లో అంటారు, నిజంగానే పొద్దుటి ఎండలా ఉంది. ఒక్క సంతకమే ఉన్న పామును హెట్ అంటారు. చూడ్డానికి పూర్తిగా మామూలు పామే. లోపల ఆ గుణం ఉందనడానికి అమ్మినవాడి మాటే పూచీ. ఇంకో చిక్కు ఉంది. ఆల్బినోల్లోనే కాల్ రకం, షార్ప్ రకం అని రెండున్నాయి. ఈ రెండింటినీ జతకడితే పిల్లలన్నీ మామూలువే. సంతకాలు రెండూ ఉన్నాయి గానీ వేరు వేరు బ్యాంకుల చెక్కుల మీద!

ఇద్దరు హెట్‌లకు 24 పిల్లలు పుడితే సగటున 6 ఆల్బినోలు. మిగతా 18 చూడ్డానికి మామూలువి. నా కళ్ళు ఆ 18 మీద పడ్డాయి. బల్ల కింద గుడ్డ కప్పిన డబ్బాలు కనిపించాయి.

"అవేమిటి?" అన్నాను.

"నిరుటి పిల్లలు. రంగు రాలేదు."

"ఏం చేస్తారు?"

"మేపుతున్నాను."

బోవా ఇరవై, ముప్ఫై ఏళ్ళు బతుకుతుంది. మా నాన్న రంగు సరిగా పడని చద్దర్లను సెకండ్స్ అని సగం ధరకు అమ్మేవాడు, అమ్ముడుపోకపోతే కప్పుకునేవాళ్ళం. చద్దర్ తిండి అడగదు. అందరూ ఈయనలా మేపరు కూడా. అరూబా దీవిలో 1999లో తొలిసారి బోవాలు కనబడ్డాయి. అది వాటి సొంత గడ్డ కాదు. ఇప్పుడవి అక్కడి పక్షుల్నీ బల్లుల్నీ తింటూ దీవంతా పాకాయి. మన దేశంలోనైతే 2022 నాటి చట్ట సవరణ, 2024 నిబంధనల ప్రకారం ఇలాంటి విదేశీ ప్రాణుల్ని ఉంచుకున్నవారు ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవాలి. మన పిల్లలెవరికైనా ఈ సరదా పుడితే ముందు ఆ సంగతి చూడమని మనవి.

తిరుగు దారిలో మా బావమరిదికి ఈముల కథ చెప్పాను. 2010 ప్రాంతంలో నేను పశ్చిమ మహారాష్ట్రలో ఒక శాఖలో ఉన్నప్పుడు ఒక రైతుకు ఈము పెంపకానికి అప్పు మంజూరు చేశాను. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. పక్షులు గుడ్లు పెట్టాయి, పిల్లలూ అయ్యాయి. కానీ కొనేవాడు మరో ఈము పెంపకందారే తప్ప, కూర వండుకునేవాడు లేడు. 2012లో ఈ సంగతి అందరికీ ఒకేసారి తెలిసింది. వసూలుకు ఆ ఇంటికి నేనే వెళ్ళాను. ఆయన భార్య నాకు మజ్జిగ తెచ్చిచ్చింది. ఆ గ్లాసు ఎలా తాగానో నాకే తెలుసు.

"ఇక్కడా అంతే. కొనేవాళ్ళలో ఎక్కువమంది నీలాంటివాళ్ళే" అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఉద్యోగం పోయాక పొద్దున్నే లేవడానికి నాకో కారణం ఆ పాములే బావగారూ" అన్నాడు. దానికి నా దగ్గర లెక్క లేదు.

నా మాట సగం విన్నాడు. పన్నెండు వేలు ముట్టుకోకుండా, నాలుగు వందలకు ఒక్క ఆల్బినో మగపామును మాత్రం కొన్నాడు. ఇంట్లోని పెద్ద ఆడది హెట్ అని చెప్పి అమ్మారట, ఆ ధైర్యంతో. శీతాకాలంలో చిన్న ఉద్యోగం దొరికింది. మా చెల్లెమ్మ ఫోన్లో "అన్నయ్యగారూ, గండం గడిచింది" అంది.

2025 ఆగస్టులో 19 పిల్లలు పుట్టాయి. ఒక్కదానికీ తెల్లరంగు రాలేదు. అమ్మినవాడి మాట అబద్ధమో, రెండు బ్యాంకుల చెక్కులో తెలియదు. తెల్లవార్లూ నిద్రపోకుండా చూశానని, ఒక్కొక్కటీ పొరలోంచి తల బయటపెడుతుంటే చేతులు వణికాయని చెప్పాడు. గొంతులో నష్టపోయిన ఛాయ లేదు. ఏడింటిని తెలిసినవాళ్ళకు ఊరికే ఇచ్చాడు, పన్నెండు ఇంకా బేస్‌మెంటులోనే ఉన్నాయి. మా శ్రీమతి శుక్రవారం శుక్రవారం ఫోన్ చేసి, అవి ఎలుకలు తిన్నాయా లేదా, కుబుసం సరిగా విడిచాయా లేదా అని పేరుపేరునా అడుగుతుంది. నాలుగింటికి పేర్లు పెట్టింది ఆవిడే.