తొట్టికి పూత మనమే పూసుకుందామా?

కోయంబత్తూరు వైపు తోటలున్న మన తెలుగిళ్లలో ఈతకొలను అనే మాట ఎవరూ వాడరు. తొట్టి అంటాం, అంతే. 1932లో పైకారా కరెంటు మొదలయ్యాక ఈ పక్క మెల్లమెల్లగా కపిల ఎద్దులు పోయి మోటారు పంపులొచ్చాయి. పంపు నీళ్లు ముందు తొట్టిలో పడతాయి, తర్వాతే కాలవకు పోతాయి. మా తాత కట్టించిన తొట్టి 20 అడుగుల పొడవు, 10 వెడల్పు, 4 లోతు. మా ఇంట్లో మూడు తరాలకు ఈత వచ్చింది అందులోనే.

ఇప్పుడు నీళ్లు నిలవడం లేదు. "పూడ్చేద్దాం అన్నా, ఈతకు టౌన్లో కొలనుంది కదా" అన్నాడు తమ్ముడు. పెద్దనాయన ఏమీ అనకుండా లేచి తొట్టి దగ్గరికి వెళ్లిపోయాడు. మనమే పూసుకుంటే ఎలా ఉంటుందో చూద్దామన్నాను నేను.

ముందు ఎండకు ఆరిపోతోందా, కారుతోందా తేలాలి. తొట్టి నింపి, లోపలి మెట్టు మీద నిండా నీళ్లున్న బకెట్టు పెట్టి, రెండిటికీ గీత గీశాం. మర్నాటికి బకెట్టులో పావు అంగుళం తగ్గితే తొట్టిలో 2 అంగుళాలు తగ్గింది. ఆ తేడా రోజుకు 800 లీటర్ల పైమాటే. బోరు అడుగంటే ఊళ్లో అది చిన్న నష్టం కాదు.

నీళ్లు తీసేసి సుత్తితో తట్టుకుంటూ పోయాం. చాలాచోట్ల బోలుగా మోగింది. పాత పూత గోడను వదిలేసిందన్నమాట. వెనక గోడ మాత్రం గట్టిగానే ఉంది. గోడే పగిలి కదులుతుంటే ఎంత పూసినా నిలవదు. మాకా బాధ లేదు.

ఇక లెక్క. నేల, గోడలు కలిపి 440 చదరపు అడుగులు. ఒకటికి మూడు ఇసుకతో, 20 మిల్లీమీటర్ల మందాన, 8 మూటల సిమెంటు, వృథాకు ఇంకో మూట. డబ్బు దగ్గర ఆగలేదు మేం. ఆగింది టైము దగ్గర. కలిపిన సిమెంటు గంట కూడా మన కోసం కాచుకోదు. నేల మొత్తం ఒకే ఊపున పూయాలి, ఆగి మళ్లీ పూస్తే ఆ అతుకు దగ్గరే రేపు కారుతుంది. మూలలు గుండ్రంగా తిప్పాలి. దానికి చెయ్యి తిరిగిన మనిషి కావాలి.

అందుకని పని పంచుకున్నాం. పాత పూత చెక్కడం, కడగడం మాది. కళ్లద్దాలు, ముక్కుకు గుడ్డ, చేతికి తొడుగులు తప్పవు. పూత కొత్తనారుది. తర్వాత కనీసం వారం రోజులు తడి ఆరకుండా చూసే పూచీ పెద్దనాయన అడిగి మరీ తీసుకున్నాడు. మొదటిసారి నింపిన నీళ్లు వదిలేశాకే పిల్లలు దిగాలి.

కూలిలో సగం తమ్ముడే పంపాడు. మీ తోటలో తొట్టి ఎండిపోతుంటే ముందు ఒక బకెట్టు పెట్టి చూడండి. పూడ్చే మాట ఆ తర్వాత.