మంచుసీమలో మా సంసారము

మినియాపొలిస్ నగరము 45వ ఉత్తర అక్షాంశమునకు చేరువనుండుటచేత, డిసెంబరు చివర పగలు 9 గంటలైనను నిండదు. పిల్లలు బడినుండి వచ్చి బూట్లు విప్పి చేతులు కాచుకొనునంతలోనే ప్రొద్దు గ్రుంకును.

ఈ శీతలమున ఇల్లు నడుపుటలో అన్నిటికన్న ఓర్పు కోరునది పిండి పులియుట. గుంటూరులో రాత్రి రుబ్బి మూతపెట్టిన దోసెపిండి తెల్లవారుసరికి గిన్నె అంచు దాటెడిది. ఇచ్చట వెలుపల సున్నకు దిగువ 20 డిగ్రీల చలి వణికించుచుండ, వంటగదిలోని వెచ్చదనము పిండికి చాలదు. కనుక మా యావిడ ఓవెనులోని చిన్న దీపమును మాత్రము వెలిగించి, పిండిగిన్నెను, తోడుపెట్టిన పాలను దానిలో నుంచి తలుపు మూయును. మరునాటి యుదయమున మా చిన్నమ్మాయి ఆ గాజుతలుపునకు ముక్కు ఆనించి చూచి, "అమ్మా, పొంగింది!" అని కేకవేయగా ఇంటిల్లిపాదికిని కలుగు సంతోషము సామాన్యమైనది కాదు.

మంచు కురియుట ఆగిన 24 గంటలలో ఇంటిముందరి కాలిబాటను గృహస్థుడే శుభ్రపరుపవలెనని నగరశాసనము. చలి ముదిరినపుడు ఉప్పు చల్లినను గడ్డ కరగదు గనుక ఇసుకయే శరణ్యము. నా పార చప్పుడు విని ప్రక్కయింటి వృద్ధుడు తన యంత్రముతో వచ్చి మా వాకిలిని సయితము తీర్చిపోవును. ఇరుగుపొరుగుల స్నేహము వేసవిలోకన్న శీతకాలముననే గట్టిపడునని నా నమ్మకము.

భోగినాడు రేగుపండ్లు దొరకక, క్రాన్‌బెర్రీలలో చిల్లరనాణెములు కలిపి పిల్ల తలపై పోసితిమి. వీడియోలో చూచుచున్న మా అత్తగారు దీవించి, చెరకుముక్కలు వేయలేదేమని అడిగిరి. ఎండు రేగుపండ్లు పై యేటికి పంపెదమనిరి.