తుదిదాక చూడని తీర్పు

తీర్పు చెప్పుటకు మనుష్యుడు చూపు తొందర, విషయమును పూర్తిగా పరిశీలించుటకు చూపడు. ఈ మాట పెద్దల వ్యవహారములకే గాక బాలుర యాటలకును చెల్లుచున్నది. మా విద్యార్థులలో ననేకులకు నేడు రోల్ ప్లేయింగ్ గేములనెడి వీడియో గేములందు మిక్కిలి ప్రీతి. ఆడువాడు కథలోని యొక పాత్రను దాల్చి, ఊరూరు తిరుగుచు, తాను పలికిన మాటలకు ఫలమనుభవించుచు కథను తుదకు చేర్పవలయును. అందులకు 50 గంటలు, ఒక్కొక్కప్పుడు 100 గంటలును పట్టును. క్రొత్త గేము వెల వేలకొలది రూపాయలు. కావున కొనుటకు ముందు బాలురు విమర్శకుల సమీక్షలు చదువుదురు. పండుగలకు తాతగారిచ్చిన సొమ్ము కూడబెట్టుకొన్న తొమ్మిదవ తరగతి బాలుడొకడు, వారు గేమంతయు ఆడిన పిమ్మటనే మార్కులు వేయుదురా యని మమ్మడిగెను. ప్రశ్న చిన్నది కాదని మాకు తోచినది.

అబిడ్స్ కాలిబాటలపై ఆదివారమునాడు పాత పుస్తకములమ్మువారి యొద్ద నిలుచుట మాకు వాడుక. అచట విశ్వనాథవారి ‘వేయిపడగలు’ వంటి పెద్ద గ్రంథము కంటబడినచో, కొనదలచినవాడు నడుమ నాలుగు పుటలు, తుద నాలుగు పుటలు తిరుగవేసి చూడగలడు. దీర్ఘమైన గేమునందు నడుమనుండి చూచుటకట్టి వీలు లేదు. అందుచేతనే పరుల మాట నమ్మవలసివచ్చుచున్నది.

అచటికి సమీపముననే యున్న నాంపల్లి న్యాయస్థానములలో సగము సాక్షులను విని తీర్పు చెప్పినచో నది చెల్లదు. గేముల విషయమున నట్టి నియమమేదియు లేదు. బెల్జియము దేశపు లారియన్ స్టూడియోస్ వారి ‘బాల్డర్స్ గేట్ 3’ను చూడుడు. దాని మొదటి యంకము 2020 అక్టోబరునుండియే ఆటగాండ్ర చేతులలో నుండి, దాదాపు మూడేండ్లు దిద్దుబాటు పొందెను. 2023 ఆగస్టులో గేము పూర్తిగా వెలువడినపుడు, కడపటి యంకమున లోపములు హెచ్చుగా నున్నవని పలువురు చెప్పిరి. పిమ్మట అవి చాలవరకు సవరింపబడెను. మొదటి యంకము మాత్రమే యాడి వ్రాయువానికి అంతయు నిర్దోషముగా తోచుట సహజము. మొదటి జవాబు చక్కగా నుండిన కాగితమునందు తక్కినవియు చక్కగా నున్నట్లు పరీక్షకునకు తోచునని మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదివితిమి. 1920లో థారన్‌డైక్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు ఈ భ్రాంతిని వివరించి దానికి పేరు పెట్టెను.

మరియొక ఉదాహరణము ‘సైబర్‌పంక్ 2077’. 2020 డిసెంబరు 10న ఇది వెలువడుటకు ముందు విమర్శకులకు కంప్యూటరుపై నాడు ప్రతి మాత్రమే యీయబడినది. వారు మెచ్చుకొనిరి. పాత ప్లేస్టేషన్ 4పై కొన్నవారికో, అది తడబడుచు ఆగిపోవుచు నడచెను. కొలది దినములకే సోనీవారు దానిని తమ అంగడినుండి తొలగించిరి; 2021 జూనులో మరల చేర్చిరి. విమర్శకులు చూచినది అసత్యము కాదు. కొన్నవానికి దొరకినది మాత్రము వేరు.

అట్లయిన తుదిదాక ఆడినచో సమీక్ష న్యాయమగునా? అంతమాత్రమున గాదు. గేము ప్రతి విమర్శకునకు విడుదలకు కొలది దినములు ముందుగా చేరును. పత్రిక గడువు తరుముచుండును. నెలల తరబడి ఆడదగిన దానిని ఆతడు వారములో ముగింపజూచును. దినమునకొక గంట నడచు బాలునకు విహారమైన త్రోవ, పరుగెత్తువానికి విసుగగును. ఇది విమర్శకుని దుర్బుద్ధి గాదు, వాని వృత్తిలోని యిబ్బంది.

ఇక మార్కుల సంగతి. ‘ఫాలౌట్: న్యూ వేగాస్’ను 2010లో రచించిన అబ్సిడియన్ సంస్థకు, మెటాక్రిటిక్ సగటు 85 వచ్చినచో అదనపు సొమ్మీయవలయునని ఒప్పందము. వచ్చినది 84, సొమ్ము రాలేదు. ఈ సంగతి 2012లో ఆ సంస్థవారి వలననే వెల్లడియైనది. మన పదవ తరగతిలో 35కును 34కును గల భేదమెరిగిన వారికి దీని బాధ వేరుగా చెప్పనక్కరలేదు. అందరు విమర్శకులును ఎంతెంత ఆడిరో ఆ సంఖ్య చెప్పదు. అయినను దానివలన జీతగాండ్ర కుటుంబములకు రావలసినది తప్పిపోవును.

విద్యార్థులారా, సమీక్ష చదువునపుడు మూడు ప్రశ్నలడుగుడు: ఎన్ని గంటలాడితివి? ఏ యంత్రముపై ఆడితివి? తుది చూచితివా? వీనికి దాపరికము లేక ఉత్తరమిచ్చినవాడు సగమే యాడియుండినను న్యాయవర్తియే. ఏలయన తన యెరుక యెంతవరకో మీకు చెప్పినాడు. వీనిని దాచినవాని పొగడ్తయు నమ్మదగినది కాదు. మమ్మడిగిన బాలునకు మేమీ మాటయే చెప్పితిమి. సమీక్షలలో ఈ మూడింటిని వెదకి, ఆరు నెలలాగి కొనెదనని ఆతడనెను. ఈ ప్రశ్నలను మీ కాగితములు దిద్దు మమ్మును గూడ అడుగుటకు మీకు హక్కు కలదు.