రెండు పెట్టెల ముందు చుట్టాలు

రాండి, మంటకు కొంచెం దగ్గరగా జరగండి. మా ఉరవకొండ పగలంతా మాడ్చి, రాత్రయితే చలితో పళ్లు కొరికిస్తుంది. ఆ చాటలో చెనిక్కాయలున్నాయి, నిప్పుల్లో కాల్చుకుందాం. వాన మొహం చాటేసింది గదా, కాయ సన్నబడింది. రుచికేం తక్కువ లేదు.

మొన్న ఒక పెళ్లికి పోయినా. బావ ఒక పార్టీ, బామ్మర్ది ఇంకో పార్టీ. మాటలు మానేసి రెండేళ్లట. పంక్తికి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు కూర్చున్నారు. ఓళిగలు మాత్రం ఇద్దరూ వదల్లేదు. వాళ్లను చూస్తే నాకు తరిమెల నాగిరెడ్డి గుర్తొచ్చారు.

ఆయనది మన జిల్లానే, శింగనమల దగ్గర తరిమెల. 1917లో భూస్వాముల ఇంట పుట్టి, రిషివ్యాలీ, మద్రాసు లయోలా దాటి కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి పోయి లా చదివారు. నల్లకోటుకు సరిపోయే చదువు. ఆయన ఎర్రజెండా పట్టుకున్నారు. ఆయన తోబుట్టువు నాగరత్నమ్మను 1935లో ఇల్లూరు నీలం సంజీవరెడ్డికిచ్చి పెళ్లి చేశారు. బావేమో కాంగ్రెస్‌లో పెద్ద నాయకుడయ్యారు.

1952 ఎన్నికల్లో అనంతపురంలో ఇద్దరూ ఎదురెదురు నిలబడ్డారు. అప్పట్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దానిమీద గుర్తు. ఓటు చీటీ ఏ పెట్టెలో వేస్తే వాళ్లకే. రెండిళ్లకూ కావలసిన చుట్టాల అవస్థ ఊహించుకోండి! ఒక పెట్టె అల్లుడిది, ఒకటి కొడుకుది. చీటీ పట్టుకుని తెరచాటున ఎంతసేపు నిలబడుంటారో. బామ్మర్దే గెలిచారు. ఓడిన బావ 1956లో ఆంధ్రప్రదేశ్‌కు మొదటి ముఖ్యమంత్రి అయ్యారు.

పుట్టింటి గెలుపూ మెట్టినింటి ఓటమీ ఒకే రోజు చెవినపడిన నాగరత్నమ్మ గురించి మాత్రం మనవాళ్లు పెద్దగా మాట్లాడుకోరు. నాకైతే ఈ కథలో అసలు మనిషి ఆమే.

1969లో నాగిరెడ్డి శాసనసభకు రాజీనామా చేసి విప్లవబాట పట్టారు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కరువు జిల్లాకు అట్లాంటి గొంతు అక్కడ ఉండాల్సింది. ఉండండి, ఆ కాయ మాడుతోంది, తియ్యండి.

కాశీలో చదివిన లా ఊరికే పోలేదులెండి. 1933లో బల్గేరియా కమ్యూనిస్టు దిమిత్రోవ్, లైప్‌జిగ్‌లో నాజీలు పెట్టిన కేసులో తన వాదన తానే వినిపించి, కోర్టునే సభగా మార్చేశాడు. విప్లవబాట పట్టాక తనమీద పెట్టిన హైదరాబాదు కుట్రకేసులో నాగిరెడ్డి చేసిందీ అలాంటిదే. తప్పు చేయలేదని చెప్పి ఊరుకోలేదు. దేశ ఆర్థిక వ్యవస్థ ఎవరి చేతుల్లో చిక్కిందో లెక్కలతో కోర్టు ముందు పెట్టారు. ఆ ప్రకటనే ‘తాకట్టులో భారతదేశం’ పుస్తకమైంది. దాంట్లో ప్రతి మాటా ఒప్పుకోనక్కర్లేదు గానీ, ఓపిగ్గా ఒకసారి చదవండి.

ఎమర్జెన్సీలో, అజ్ఞాతవాసంలో ఉండగానే 1976 జూలై 28న ఆయన పోయారు. 1977 జూలై 25న సంజీవరెడ్డి రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. బామ్మర్ది పోయి ఏడాది నిండడానికి ఆ రోజుకింకా మూడు రోజులుంది.