సిట్టిలింగి డాక్టర్లు, మన మెడికల్ క్యాంపు

పోస్టు కాస్త పెద్దది, తీరిక చేసుకుని చదవండి.

తీర్థమలైకి వచ్చేవాళ్లు కొండెక్కి, రామతీర్థం కింద తల తడుపుకుని, ఒంట్లో బాధలు పోతాయన్న నమ్మకంతో దిగుతారు. ఆ నమ్మకాన్ని నేను కాదనను, నేనూ తడుపుకుంటాను. కానీ ఇదే అరూరు వైపు, కల్రాయన్, సిత్తేరి కొండల నడుమ ఉన్న సిట్టిలింగి లోయలో ఒకప్పుడు దేవుడు తప్ప వేరే దిక్కుండేది కాదు. ఆస్పత్రి కావాలంటే 50 కిలోమీటర్ల దూరాన అరూరు. ఆపరేషన్ అంటే సేలమో, ధర్మపురో. పుట్టిన వెయ్యిమంది బిడ్డల్లో 147 మంది ఏడాది నిండకుండానే పోయేవారు.

అలాంటి చోటికి 1993లో వెళ్లారు డాక్టర్ రెజీ జార్జ్ గారు, ఆయన భార్య డాక్టర్ లలిత గారు. ఆయన మత్తు డాక్టరు, ఆవిడ కాన్పుల డాక్టరు. అలప్పుళలో చదువుకుని గాంధీగ్రామ్ ఆస్పత్రిలో పనిచేస్తూ, విరేచనాల లాంటి జబ్బులకి కూడా జనం అంతంత దూరం నుంచి రావడం చూసి, మనమే వాళ్ల దగ్గరికి పోదాం అనుకున్నారు. కేరళ చదువు చదివి మలయాళీల దగ్గరికే వెళ్లారా అనుకునేరు! ఇక్కడి మలయాళీలు కొండల్లో ఉండే తమిళ గిరిజనులు, కేరళకీ వాళ్లకీ సంబంధం లేదు. లోయలో లంబాడీలు, అంటే మన సుగాలీలు కూడా ఉన్నారు.

మొదటి ఆస్పత్రి ఊరివాళ్లు కట్టిచ్చిన గుడిసె. ఒక బల్ల, ఒక 100 వాట్ల బల్బు. కాన్పులూ చిన్న ఆపరేషన్లూ అందులోనే, సుమారు మూడేళ్లు.

ఇంతవరకు చాలామందికి తెలిసిన కథే. డాక్టర్ల త్యాగం గురించి మనం బాగా మాట్లాడతాం, శాలువా కప్పుతాం, ఫొటో దిగుతాం. నాకు మాత్రం వాళ్లు తర్వాత చేసిన పని ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. బయటినుంచి నర్సులు అక్కడికి రారు, వచ్చినా నిలవరు. అందుకని బడి చదువు ఉన్న స్థానిక గిరిజన అమ్మాయిలకే పని నేర్పారు. నాడి చూడటం దగ్గర్నుంచి కాన్పు చేయడం, ఆపరేషన్‌లో సాయం చేయడం దాకా. ఇంకో పక్క ఊరూరా నలభై దాటిన ఆడవాళ్లని ఊరివాళ్లచేతే ఎంపిక చేయించి శుభ్రత, తిండి, గర్భిణుల జాగ్రత్తలు నేర్పించారు. ఆ వయసువాళ్లే ఎందుకంటారా? పెళ్లై వేరే ఊరికి వెళ్లిపోరు, పైగా కోడలికైనా కొడుక్కైనా గట్టిగా చెప్పగలరు. మన ఇళ్లలో మాత్రం ఎవరి మాట చెల్లుతుంది చెప్పండి! శిశుమరణాలు వెయ్యికి 20 దాకా దిగాయంటే అందులో సగం ఘనత ఈ అత్తలూ అవ్వలదే అని నా లెక్క.

తర్వాత రైతులు సేంద్రియ సాగుకి సంఘం పెట్టుకున్నారు, లంబాడీ ఆడవాళ్లు మరుగునపడిన కుట్టుపనిని తిరిగి పట్టుకుని పోర్గై పేరుతో అమ్ముతున్నారు. ఆ మాటకి వాళ్ల భాషలో గర్వం అని అర్థం. కడుపుకి తిండి లేకపోతే మందు పనిచేయదని ఆ దంపతులకి తెలుసు.

ఇప్పుడు మన సంగతి. ఏటా ఒకరోజు క్యాంపు పెడతాం. బీపీ, షుగరు చూసి పది రోజుల మాత్రలిస్తాం. పదకొండో రోజు ఆ పెద్దాయన ఏం చేస్తున్నాడో అడిగేవాళ్లు లేరు. షుగరు ఒకరోజు జబ్బు కాదు కదా. క్యాంపు మానేద్దామని నేననడం లేదు. ఫ్లెక్సీలకీ శాలువాలకీ పెట్టే ఖర్చుతో ఒక బీపీ మిషను, ఒక షుగరు మిషను, ఏడాదికి సరిపడా స్ట్రిప్పులు కొందాం. ప్రతి వీధి నుంచి ఇద్దరు అక్కల్ని ఆ వీధివాళ్లే ఎంచుకుంటే, మన సంఘంలోని డాక్టర్లు వాళ్లకి నెలకో ఆదివారం నేర్పుతారు. వాళ్లు ఇల్లిల్లూ తిరిగి చూసి నోటుబుక్కులో రాస్తారు, లెక్క పెరిగినవాళ్లని వెంటనే డాక్టరుకి చూపిస్తారు.

వచ్చే కమిటీ మీటింగులో ఈ మాట పెడుతున్నాను. కుదరదనేవాళ్లు కూడా తప్పకుండా రండి. మీ వీధిలో ఎవరి మాట చెల్లుతుందో ఆ అక్క పేరు మాత్రం రాసుకుని రండి.