చైనుకీ ఊపిరాడాలి

నులకమంచం కుంగితే కాళ్ళవైపు తాడు బిగిస్తాం. కుట్టుమిషను తోలుబెల్టు జారితే కొంచెం కత్తిరించి మళ్ళీ కొక్కెం తగిలిస్తాం. ఇన్ని బిగింపులు తెలిసిన మనం, సైకిలు చైను వదులైందనగానే మాత్రం మగవాళ్ళెవరైనా కనిపిస్తారేమోనని వీధిలోకి చూస్తాం. ఎందుకంటారు?

మా మనవరాలు ఎనిమిదో తరగతి. దేవరాపల్లి హైస్కూలు మా ఇంటికి మూడు కిలోమీటర్లు. దారికి రెండు పక్కలా చెరుకుతోటలు. 2022లో మా జిల్లా పేరు విశాఖపట్నం పోయి అనకాపల్లి అయింది గానీ, దారిలో గోతులు అవే. గోతిలో దిగినప్పుడల్లా చైను ఊడేది. ఒకే వారంలో మూడుసార్లు, చేతులనిండా నల్లటి గ్రీజుతో దీపాలవేళకి ఇల్లు చేరింది పిల్ల. మూడోనాడు మా అబ్బాయి, "ఇంక సైకిలొద్దు. ఆటో కుదిరితే పంపుదాం, లేకపోతే చూద్దాం" అన్నాడు.

ఆ "చూద్దాం" సంగతి నాకు తెలుసు. మా కాలంలో ఎంతమంది చదువులో ఆ మాట దగ్గరే ఆగిపోయాయి. మగపిల్లాడి చైను ఊడితే ఆలస్యం. ఆడపిల్ల చైను ఊడితే అనుమానం!

మర్నాడు సైకిలు నడిపించుకుంటూ నేనే షాపుకి వెళ్ళాను. "బిగించకు నాయనా, ఎలా బిగించాలో చూపించు" అన్నాను. అతను నవ్వాడు గానీ ఓపిగ్గా చూపించాడు.

ముందు చైను కవరు వెనక ముక్క విప్పాలి. వెనకచక్రం ఇరుసుకి రెండు పక్కలా ఉన్న నట్లు పానాతో వదులు చేసి, చక్రాన్ని రవ్వంత వెనక్కి లాగాలి. చైను మధ్యలో వేలు పెట్టి కిందకీ పైకీ ఆడిస్తే అరంగుళం ఆడాలి. బాగా ఎక్కువైతే ఊడుతుంది. అసలు ఆడకపోతే పెడలు బరువెక్కుతుంది, పళ్ళు అరుగుతాయి. "సైనుకీ ఊపిరాడాల అమ్మగోరూ" అన్నాడతను.

పెడలు ఒక చుట్టు నెమ్మదిగా తిప్పితే చైను ఒకచోట బిగువుగా, ఒకచోట వదులుగా కనిపిస్తుంది. పళ్ళచక్రం ఖచ్చితమైన గుండ్రం కాదుగా! ఆ అరంగుళం బిగువున్నచోటే కొలవాలి. ఇంటిఖర్చు ఒకటో తారీఖున కాక నెలాఖరున లెక్కచూసుకున్నట్టన్నమాట.

ఆ తర్వాత చక్రం రెండు గొట్టాలకీ సరిగ్గా మధ్యన నిలవాలి. చక్రం ముందుభాగం ఎడమ గొట్టానికి దగ్గరైతే, కుడివైపు ఇరుసుని కాస్త వెనక్కి జరపాలి. నట్లు రెండూ మార్చి మార్చి బిగించాలి. చివర్న బ్రేకు రబ్బర్లు సరిగ్గా ఆనుతున్నాయో లేదో చూసుకోవాలి.

మా తమ్ముడి కొడుకు కెనడాలో ఉంటాడు. ఫోనులో ఇదంతా చెబితే, "అత్తా, నేనూ ఇంట్లో అదే పని చేస్తున్నాను" అన్నాడు. అక్కడి మంచుబండికి వెనక చక్రాల బదులు వెడల్పాటి రబ్బరు పట్టా ఉంటుందట. బండి వెనకభాగం పైకెత్తి, పట్టా ఎంత వేలాడుతోందో కొలిచి, రెండు పక్కలా బోల్టులు సర్దుతారు. ఇంజను నెమ్మదిగా నడిపి, దూరంగా నిలబడి, పట్టా మధ్యలోనే తిరుగుతోందా అని చూస్తారు. పట్టా ఎప్పుడూ వదులుగా ఉన్న పక్కకే జరుగుతుంది. అందుకని ఇంజను ఆపి, జరిగిన పక్క బోల్టునే కొంచెం బిగిస్తారు.

ఆ బండ్లకి ఆద్యుల్లో ఒకడైన బొంబార్డియే క్యూబెక్ వాడు. 1934 చలికాలంలో అతని రెండేళ్ళ కొడుక్కి ప్రాణం మీదికి వచ్చింది. దారులన్నీ మంచుతో మూసుకుపోయి ఆసుపత్రికి చేర్చలేకపోయారు; బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత 1937కల్లా మంచుమీద మనుషుల్ని చేరవేసే బండిని అమ్మకానికి తెచ్చాడు. 1959లో చిన్నబండి స్కీ-డూ వచ్చింది. మంచుకానీ, చీకటికానీ, దారి మూసుకుపోతే పోయేది పిల్లల బతుకే కదా అనిపించింది.

మా పిల్లకి రెండు ఆదివారాల్లో పని పట్టుబడింది. ఇప్పుడు పుస్తకాల సంచిలో పానా ఒకటి ఉంటుంది. తోటి పిల్లలు కూడా సైకిళ్ళు మా వాకిట్లో నిలబెడుతున్నారు. మొన్న మా అబ్బాయి తన మోపెడ్ తెచ్చి, "అమ్మలూ, దీని చైను కూడా కాస్త చూడమ్మా" అన్నాడు.

అది చేతులు తుడుచుకుంటూ, "చూద్దాం" అంది.